దూడగడ్డి కోసం తాటిచెట్టెక్కిన చైనా

చైనాకి పగడాల మీద ప్రేమ పుట్టిందండి. దక్షిణ చైనా సముద్రంలో స్కార్‌బరో షోల్ అని ఒక పగడపు దిబ్బ ఉంది, దాని మీద జాతీయ ప్రకృతి సంరక్షణ కేంద్రం పెడుతున్నామని 2025 సెప్టెంబర్ 10న బీజింగ్‌లో అఫీషియల్‌గా ప్రకటించారు. 3,523 హెక్టార్లు, మన లెక్కలో 8,700 ఎకరాల పైమాటే. అందులో కోర్ జోన్ వేరు, ప్రయోగాల జోన్ వేరు, హద్దులన్నీ పక్కాగా గీసేశారు. చేపలూ పగడాలూ చల్లగా ఉండాలని అంత పెద్ద దేశం అంతలా తాపత్రయపడుతుంటే మనకి నవ్వొస్తోందంటే అది మన సంస్కారం.

ఒక చిన్న విషయం, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, ఆ దిబ్బ ఫిలిప్పీన్స్ వాళ్ళ లుజాన్ దీవికి 220 కిలోమీటర్లు, చైనా వాళ్ళ హైనాన్‌కి దాదాపు 900. సముద్ర చట్టం ప్రకారం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళు, అంటే 370 కిలోమీటర్ల దాకా ఆ తీరం ఉన్న దేశానికి ఆర్థిక హక్కులు. ఇక ఎవరి వాకిట్లో ఉందో లెక్క మీరే వేసుకోండి. పోనీ అదేమన్నా భూమా బంగారమా అంటే, పోటు మీద ఉన్నప్పుడు నీళ్ళ పైకి నాలుగు రాళ్ళు కనపడతాయి, అంతే. మిగతాదంతా నీళ్ళ కిందే. మధ్యలో మాత్రం పెద్ద మడుగు, చుట్టూ దిబ్బ గోడలాగ ఉంటుంది, తుఫాను వస్తే పడవలు లోపలికెళ్ళి దాక్కుంటాయి. చేపలు కూడా అక్కడే దండిగా ఉంటాయి.

అక్కడికి చైనా ఎలా చేరిందో కూడా చెప్పుకోవాలి. 2012 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ నేవీ వాళ్ళు చైనా చేపల పడవల్ని పట్టుకున్నారు, లోపల చూస్తే ఇదే పగడాలు, భారీ ఆల్చిప్పలు, షార్కులు. పట్టుకుని కేసు పెట్టేలోపే చైనా నిఘా ఓడలు వచ్చి అడ్డంగా నిలబడ్డాయి. రెండు నెలలు అలాగే నిలబడ్డారు. ఈ గ్యాప్‌లో చైనా రేవుల్లో ఫిలిప్పీన్స్ అరటిపళ్ళలో సడన్‌గా పురుగులు కనపడటం మొదలైంది, తనిఖీ తనిఖీ అంటూ కంటైనర్లకి కంటైనర్లు ఆపేశారు, పళ్ళు అక్కడే కుళ్ళాయి. చివరికి అమెరికా మధ్యలో దూరి ఇద్దరూ వెనక్కి తగ్గండి అంది, ఫిలిప్పీన్స్ వాళ్ళు పాపం తగ్గారు. చైనా వాళ్ళు తగ్గలేదు. అంతే, షోల్ చేతులు మారిపోయింది, ఒక్క తూటా పేలకుండా.

మన దగ్గర చెరువు శిఖం కబ్జా చేసినోడు ముందు మట్టి అమ్ముకుని, తర్వాత ప్రహరీ కట్టి, ఎవరైనా అడిగేసరికి లోపల పది మొక్కలు నాటి "పచ్చదనాన్ని కాపాడుదాం" అని బోర్డు పెట్టినట్టుంది యవ్వారం. ఆ ఆల్చిప్పల సంగతి తెలుసుగా, చైనా పడవలు ప్రొపెల్లర్లతో పగడాల్ని పిండి పిండి చేసి మరీ తవ్వి తీశాయి, ఆ చిప్పలు చెక్కి బొమ్మలు చేసి హైనాన్‌లో తాన్‌మెన్ అనే ఊరి షాపుల్లో అమ్మారు. ఇంకా దక్షిణాన మిస్చీఫ్, సుబీ, ఫయరీ క్రాస్ దిబ్బల మీద ఇసుక కుమ్మరించి ఒక్కోదాని మీద రెండున్నర వేల మీటర్లు దాటిన రన్‌వేలు పోశారు. అక్కడ పగడాలు లేవా, అవి పగడాలు కావా, వాటికి ప్రేమ వద్దా? 2016 జూలై 12న, ఫిలిప్పీన్స్ వేసిన కేసులో, హేగ్‌లో అంతర్జాతీయ ట్రైబ్యునల్ ఇదంతా రాతపూర్వకంగా తేల్చేసింది, పగడాలకి తీవ్రమైన నష్టం చేశారని, ఈ సముద్రం దాదాపు అంతా మాదే అంటూ చైనా చూపించే తొమ్మిది గీతల మ్యాప్‌కి చట్టంలో ఆధారం లేదని. చైనా దాన్ని చిత్తు కాయితం అంది. పదేళ్ళు తిరక్కుండానే అదే చేత్తో సంరక్షణ కేంద్రం ఫైలు మీద సంతకం.

ఈ సంరక్షణ ఎలా జరుగుతుందో శాంపిల్ కూడా చూపించారు. ప్రకటనకి సరిగ్గా నెల ముందు, 2025 ఆగస్టు 11. ఫిలిప్పీన్స్ కోస్ట్‌గార్డ్ ఓడ ఒకటి అక్కడున్న మత్స్యకారులకి సరుకులిచ్చే పని మీద వెళ్ళింది. దాన్ని తరమడానికి చైనా కోస్ట్‌గార్డ్ ఓడ 3104 వెనక పడింది. అదొక్కటీ చాల్లేదని ఏడువేల టన్నుల పైచిలుకు డిస్ట్రాయర్ ఇంకోటి దిగింది, చైనాదే, నేవీది. ముందు ఫిలిప్పీన్స్ ఓడ వంకర్లు తిరుగుతూ పోతోంది, వెనక ఇద్దరు చైనా వీరులు, ఎవరు ముందు పట్టుకుంటే వాళ్ళకే ప్రమోషన్ అన్నట్టు ఫుల్ స్పీడు, ఒకడు ఎడమ నుంచి, ఒకడు కుడి నుంచి... ధడేల్! ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. కోస్ట్‌గార్డ్ ఓడ ముక్కు మొత్తం లోపలికి నొక్కుకుపోయింది. వీడియో ఉంది, నాకు మనసు బాలేనప్పుడల్లా చూస్తుంటాను. తమాషా ఏంటంటే, తరుముకొస్తున్న వాళ్ళకే ఫిలిప్పీన్స్ వాళ్ళు రేడియోలో "డాక్టర్ కావాలా, సాయం కావాలా" అని అడిగారు, అటునుంచి సమాధానం లేదు. సాయంత్రానికి బీజింగ్ ప్రకటన, మేము చట్టప్రకారం, ప్రొఫెషనల్‌గా తరిమేశాం అని. గుద్దుకున్న మాట మాత్రం అందులో లేదు. ఇప్పుడు వీళ్ళే బీట్ ఆఫీసర్లు అన్నమాట, కోర్ జోన్‌లో చేప గుడ్లు పెట్టే టైమ్‌లో డిస్టర్బ్ చెయ్యకూడదు, అందుకని డిస్ట్రాయర్ కాపలా.

నవ్వు ఇక్కడిదాకే. ఫిలిప్పీన్స్‌లో జాంబాలెస్, మసిన్లోక్, పంగాసినాన్ తీరాల్లో తాతల కాలం నుంచి ఆ మడుగులో వేటకెళ్ళే కుటుంబాలున్నాయి. ట్రైబ్యునల్ ఆ దిబ్బ ఎవరిదో తేల్చలేదు, ఫిలిప్పీన్స్ వాళ్ళతో పాటు చైనా మత్స్యకారులకి కూడా అక్కడ సంప్రదాయ వేట హక్కు ఉందనే చెప్పింది, అంటే కోర్టు ఎవరి నోటి కూడూ లాగలేదు. లాగింది ఓడలు. చెక్క పడవలో, పక్కకి వెదురు కట్టుకుని, డీజిల్ అప్పు తెచ్చుకుని వచ్చినోడి మీద ఇనుప కమ్మీల్ని వంచేసే ప్రెషర్‌తో నీళ్ళు కొట్టడానికి సిగ్గుండాలి కదరా! మడుగు మూతికి 300 మీటర్ల తాడు కట్టి బూరెల్లాంటి తేలే బెలూన్లు పెట్టారు 2023లో, ఫిలిప్పీన్స్ వాళ్ళు కత్తితో కోసేశారు, మంచి పని చేశారు. సముద్రం మీద ఎవడో గీసిన గీతకి పస్తులుండేది ఎవడో శ్రీకాకుళం వాళ్ళనడగండి, 2018 నవంబర్‌లో గుజరాత్ వైపు వేటకెళ్ళినోళ్ళని పాకిస్తాన్ పట్టుకుపోతే 2020 జనవరిలో గానీ ఇంటి మొహం చూడలేదు. బాలెన్స్ ఆఫ్ పవర్ అని సెమినార్లు పెట్టి మాట్లాడేవాళ్ళెవ్వరూ ఆ పడవెక్కరు.

ఇక మన యూట్యూబ్ సేనాధిపతులు. "బ్రహ్మోస్ దెబ్బకి చైనా గజగజ" అని థంబ్‌నెయిల్, ఎర్రబాణం, చెమటలు కారుతున్న జిన్‌పింగ్. మనం ఫిలిప్పీన్స్‌కి బ్రహ్మోస్ మిసైళ్ళు అమ్మింది నిజమే, 2022 జనవరిలో సుమారు 375 మిలియన్ డాలర్ల ఒప్పందం, 2024 ఏప్రిల్‌లో మొదటి బ్యాచ్ వెళ్ళింది, హైదరాబాద్‌లో కూడా ఆ మిసైళ్ళ మీద పనిచేసే మనవాళ్ళున్నారు, గర్వపడాల్సిందే. కానీ బ్యాచ్ చేరిన రెండు నెలలకి, జూన్ 17న, అదే సముద్రంలో సెకండ్ థామస్ షోల్ అనే ఇంకో దిబ్బ దగ్గర చైనా కోస్ట్‌గార్డ్ వాళ్ళు గొడ్డళ్ళు, కత్తులు పట్టుకుని రబ్బరు పడవల మీద పడ్డారు, ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగిపోయింది. గజగజలాడేవాడు చేసే పనేనా అది? మిసైల్ ఉన్నోడి మీద మిసైల్ వెయ్యరు, గొడ్డలితో వస్తారు, నీళ్ళు కొడతారు. ఫిలిప్పీన్స్‌తో అమెరికాకున్న 1951 రక్షణ ఒప్పందం ప్రకారం సాయుధ దాడి జరిగితేనే అమెరికా దిగాలి. నీళ్ళు ఆయుధమా కాదా అని వాషింగ్టన్‌లో లాయర్లు ఆలోచించుకునేలోపు ఇక్కడ పని అయిపోతుంది. ఈ కిటుకు పట్టుకోవడమే చైనా తెలివి, అది ఒప్పుకోవాలి.

తెలివి మరీ ఎక్కువైతే ఏమవుతుందో కూడా చూస్తున్నాం. బీజింగ్ వెళ్ళి అమెరికాకి గుడ్‌బై చెప్పొచ్చిన డుటెర్టే కూర్చున్న ఫిలిప్పీన్స్ అధ్యక్షుడి కుర్చీలోకి మార్కోస్ వచ్చాక, 2023లో అమెరికాకి ఇంకో నాలుగు స్థావరాలు వాడుకోడానికి ఇచ్చేశాడు, మొత్తం తొమ్మిది. 1945లో మనీలాని స్మశానం చేసిన జపాన్ సైన్యానికి ఇప్పుడు రండి బాబూ అని 2024 జూలైలో ఒప్పందం మీద సంతకం. ఆ ఓడలు గుద్దుకోడానికి వారం ముందే మన తూర్పు నౌకాదళం ఓడలు కూడా అదే సముద్రంలో ఫిలిప్పీన్స్ నేవీతో కలిసి తిరిగాయి. ఇన్ని దేశాల్ని ఒక చోటికి చేర్చడం అమెరికా డబ్బు ఖర్చుపెట్టి కూడా చెయ్యలేకపోయింది, చైనా వాటర్ కేనన్‌తో చేసి పెట్టింది. మనమేమో శుద్ధపూసలం అని కాదు లెండి, 2015లో మన సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోయి గ్యాస్ సిలిండర్ల కోసం లైన్లో నిలబడ్డ నేపాల్ వాళ్ళని అడిగితే పెద్దన్న అంటే ఎవరో వేరే పేరు చెప్తారు.

మరి ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ ఏం చేస్తోంది అంటారా? మీటింగులు పెడుతోంది. 2010లో హనోయ్ మీటింగ్‌లో చైనా విదేశాంగ మంత్రి యాంగ్ జియేచీ మొహమాటం లేకుండా చెప్పేశాడు, చైనా పెద్ద దేశం, మిగతావి చిన్న దేశాలు, అది వాస్తవం అని. 2012లో నామ్‌పెన్‌లో కంబోడియా చైర్‌లో కూర్చుని ఈ స్కార్‌బరో పేరు రాయనివ్వకపోయేసరికి, 45 ఏళ్ళలో మొదటిసారి ఉమ్మడి ప్రకటనే లేకుండా ఇళ్ళకెళ్ళారు. ప్రవర్తనా నియమావళి రాసుకుందాం అని 2002లో అనుకున్నారు, ఇంకా రాస్తూనే ఉన్నారు. 2026 లోపు పూర్తి చేస్తామని గడువు కూడా పెట్టుకున్నారు. ప్రతిసారీ చివర్లో గ్రూప్ ఫోటో, ఆసియాన్ పద్ధతిలో చేతులు అడ్డంగా వేసుకుని, కుడిచెయ్యి ఎడమ పక్కోడికి, ఎడమచెయ్యి కుడి పక్కోడికి. అలా పట్టుకుంటే సంతకం పెట్టడానికి కూడా ఎవరి చెయ్యీ ఖాళీ ఉండదు.