సవరణ: బోరిస్ వియాన్ పాట ఏ యుద్ధం నాటిది?

ఫ్రెంచ్ గాయకుడు, నవలాకారుడు, జాజ్ విమర్శకుడు బోరిస్ వియాన్ గురించి మొన్నటి పోస్టులో, ‘ల డెజెర్తర్’ (సైన్యం వదిలి పారిపోయినవాడు) పాటను ఫ్రాన్స్ చేసిన అల్జీరియా యుద్ధాన్ని నిరసిస్తూ రాసి తనే మొదట పాడాడని ఉంది. ఆ రెండూ సరికావు.

వియాన్ పాట రాసింది 1954 మొదట్లో. అల్జీరియా యుద్ధం మొదలైంది అదే ఏడాది నవంబర్‌లో. అప్పటికి ఫ్రాన్స్ చేస్తున్నది ఇండోచైనా (వియత్నాం ప్రాంతం) యుద్ధం. పాటను మొదట వేదికెక్కించింది గాయకుడు ములూజీ. అల్జీరియాకు కుర్రాళ్లను పంపుతున్న రోజుల్లో కూడా జనం దాన్ని పాడుకున్నారు కాబట్టే ఈ పొరపాటు ఇంతగా పాతుకుపోయింది.

పాట ముగింపు సంగతి కూడా చెప్పాలి. సైన్యంలో చేరనంటూ అధ్యక్షుడికి రాసే ఉత్తరం ఆ పాట. తొలి ప్రతిలో ఆ యువకుడు నా దగ్గర ఆయుధం ఉంది, కాల్చడమూ వచ్చు అంటాడు. ములూజీ అభ్యంతరంతో అది మారింది: నా దగ్గర ఆయుధం ఉండదు, మీ పోలీసులు నన్ను కాల్చుకోవచ్చు. నాకైతే ఈ రెండో మాటే గుండెల్లో దిగుతుంది.

వియాన్ స్వయంగా వేదిక మీద పాడటం 1955లో మొదలుపెట్టాడు. అతని ఇంజినీరు ఉద్యోగం, ‘జాజ్ హాట్’ పత్రికకు రాసిన వ్యాసాలు, ట్రంపెట్ వాయించడం గురించి మొన్నటి పోస్టులో చెప్పినవాటిలో మార్పేమీ లేదు.