కప్పు పెట్టుకోవడానికి చోటేదీ?

వోల్వో కంపెనీ పాతకార్లలో అమెజాన్ గొప్పదా, 240 గొప్పదా? మానవజాతిని పీడిస్తున్న ఈ సమస్యను మొన్న ఓ కుర్రాడు ఇరవై నిమిషాల వీడియోలో తేల్చేశాడు. మనవాడే, స్వీడన్‌లో ఉద్యోగం. 1956లో వచ్చిన కారునీ, 1974లో వచ్చిన కారునీ పక్కపక్కన నిలబెట్టి, పెళ్లిచూపులకొచ్చిన మేనత్తలా వంకలు పెడుతూ మార్కులు వేశాడు. రెంటినీ గీసింది ఒకే మనిషి, యాన్ విల్స్‌గార్డ్. అంటే అన్నదమ్ములకు జాతకాలు కలుపుతున్నాడన్నమాట.

అమెజాన్‌లో స్పీడోమీటరు గుండ్రంగా ఉండదు. అడ్డంగా ఒక గీత, వేగం పెరిగేకొద్దీ అందులో ఎర్రరంగు పాకుతూ పోతుంది. మనవాడు దాన్ని చూసి ఇంజిన్ వేడెక్కిందనుకున్నాడు. కారు ఆపాడు. ఎర్రగీత సున్నాకి పడిపోయింది. "చూశారా ఫ్రెండ్స్, చల్లబడింది" అన్నాడు. మళ్లీ నడిపాడు, మళ్లీ జ్వరం. మళ్లీ ఆపాడు. నాలుగోసారికి బానెట్ ఎత్తి లోపలికి విసురుతున్నాడండీ, అట్టముక్కతో! చివరికి "కూలింగ్ వీక్" అని పదికి రెండు ఇచ్చాడు. కప్ హోల్డర్ లేదని ఏకంగా సున్నా.

240కి వచ్చేసరికి "మరీ అగ్గిపెట్టెలా ఉంది" అన్నాడు. నిజమే. అభిమానులే దాన్ని ముద్దుగా ఇటుక అంటారు. ఆ ఇటుకని 1993 దాకా దాదాపు 28 లక్షలు చేసి అమ్మారు. గుద్దుకుంటే ముందూ వెనకా నలిగిపోయి, మనుషులు కూర్చునే గది మాత్రం నిలబడేలా కట్టారు దాన్ని. దీనికి మార్కుల్లేవు. పట్టికలో ఆ గడే లేదు.

సీటు బెల్టుకూ లేదు. నీల్స్ బోలిన్ అనే ఇంజినీరు అంతకుముందు సాబ్ కంపెనీ విమానాల్లో పైలట్‌ను బయటికి విసిరేసే సీట్ల మీద పనిచేశాడు. వోల్వోకి వచ్చి, మనిషిని బయటికి పోకుండా పట్టి ఉంచే మూడు కొసల బెల్టు తయారుచేశాడు. 1959 నుంచి స్వీడన్‌లో అమెజాన్ ముందు సీట్లకు ఆ బెల్టు తప్పనిసరిగా వచ్చేది. పేటెంటు తమదే అయినా, ఎవరైనా వాడుకోండని వదిలేశారు.

మనమేం చేశాం? బెల్టు పెట్టుకోకపోతే బీప్ మోగుతోందని, దాని నోరు నొక్కడానికి క్లిప్పులు కొన్నాం! వాటిని ఆన్‌లైన్‌లో అమ్మొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. ప్రాణం నిలబెట్టే పట్టీ ఊరికే చేతికొస్తే, దాన్ని వీపు వెనక్కి తోసి బకిల్ పెట్టుకుని, మళ్లీ కప్పు ఎక్కడ పెట్టుకోవాలని ఏడుపా? సిగ్గుండాలి.

వీడియో చివర మనవాడు తీర్పు చెప్పి, లైక్ కొట్టమని, ఠక్కున తలుపు తీసి దిగిపోయాడు. బెల్టు విప్పే పని పడలేదు.