నా బిడ్డకు మేకప్ ఎక్కువ అవసరం పడదట

ఇప్పుడే ఫోన్ పెట్టేసిన. ఒళ్ళు మండిపోతాంది. తప్పులుంటె సర్దుకోని చదువుండ్రి, దిద్దుకుంట కూసునే ఓపిక లేదు.

మా బిడ్డ ఆరో తరగతి. స్కూల్ల యాన్యువల్ డేకు రామాయణం వేస్తాన్రు. పదిహేను రోజుల సంది మా ఇంట్ల సీత మాటలే. మొన్న గల్లీల కుక్కను చూపిచ్చి "అదిగో బంగారు జింక, పట్టి తెచ్చియ్యి" అని వాళ్ళ నాయిన ప్రాణం తీసింది. నిన్న లిస్టు వచ్చింది. మనది తాటకి. సరే, అందర్ని సీతను జేస్తె రాముళ్ళెక్కడ దొరుకుతరు, నేనేం అనలె. సీత వేసే పిల్ల గూడ మా ఇంటికొచ్చి ఉప్మా తినిపోయే పిల్లనే, దాని తప్పేం లేదు. ఉన్న మూడు డైలాగులల్ల రెండు మర్చిపోతదట, అది వేరే సంగతి.

ఇయ్యాల పొద్దుగాల డ్రెస్సు సంగతి అడుగుదామని టీచర్‌కు ఫోన్ చేసిన. మంచిగనే మాట్లాడింది. నవ్వుకుంటనే అన్నది. "నల్ల చీర ఒకటి కట్టి, జుట్టు విరబోసి పంపండి మేడమ్. మీ పాపకైతే మేకప్ ఎక్కువ అవసరం పడదు."

నేను "సరే మేడమ్, థాంక్యూ మేడమ్" అన్న. అవును, థాంక్యూ చెప్పిన. పాలు పొంగి, బర్నర్ మీద పడి మాడి, ఆ వాసనకు గాని నాకు తెలివి రాలె. ఆమె తిట్టలేదు సూడుండ్రి, అదే బాధ. ఖర్చు మిగులుతదని మంచికోరి చెప్పింది. తిడితె తిరిగి తిట్టేదాన్ని.

అసలు తాటకి ఎవరో ఎవరికన్న తెల్సా? సుకేతుడనే యక్షుని బిడ్డ. బ్రహ్మ వరంతోని పుట్టింది, వెయ్యి ఏనుగుల బలం. వాల్మీకి రాసినదాంట్లనే ఉన్నది, వయసుల మస్తు అందగత్తె. మొగుడు సుందుడు సచ్చిపోతె, కొడుకును వెంటేసుకోని అగస్త్యుని మీదికి పోయింది. ఆయన శాపం పెట్టిండు, రూపం పోయింది. అంటె ఆమెకు వికారం పుట్టుకతోని రాలె, శిక్షగ పడ్డది. కోపమొచ్చిన ఆడమనిషికి ముందుగాల ఏం తీసేసిన్రు? మొకం. మా బిడ్డ ఎవ్వరి మీదికి పోలె. ఎవ్వరూ శాపం పెట్టలె. వాళ్ళమ్మ రంగొచ్చింది, గంతే.

మన ఇండ్లల్ల తిట్లు గుర్తు తెచ్చుకోండ్రి. ఎత్తుగ, నల్లగ, గొంతు పెద్దగున్న పోరి కనవడంగనే తాటకి. జర ఒళ్ళుంటె హిడింబి. హిడింబి చేసిన పాపమేంది? భీమున్ని మెచ్చింది, ఆయన కోసం సొంత అన్నకే ఎదురు తిరిగింది, ఒక్కతే కొడుకును సాకి పెద్దజేసింది, ఆ కొడుకు పాండవుల కోసం యుద్ధంల సచ్చిపోయిండు. ఇంత చేసినామెను మనం తిట్టు కింద వాడుకుంటానం. 1957ల మాయాబజార్‌ల ఆ వేషం ఎవరికిచ్చిన్రు? సూర్యకాంతానికి. ఆ తల్లి బతికినన్నాళ్ళు గయ్యాళి అత్త వేషాలేసి, ఆ పేరు ఎవ్వరూ బిడ్డకు పెట్టుకోకుంట అయ్యింది. ఇంకో మాట. కొత్తగ లగ్గమైన జంటలు హనీమూన్‌కని మనాలి పోతరు గద, అక్కడ దేవదారు చెట్ల నడుమ 1553ల కట్టిన గుడి ముంగట చెప్పులిడిసి దండం పెట్టి ఫోటో దిగుతరు గద, అది హిడింబి గుడి. దండం పెట్టొచ్చి, ఇంటికొచ్చి, తోడికోడలును హిడింబి అంటరు.

అందంగున్న రాక్షసి సంగతి సూడుండ్రి మరి. పోతన మన బమ్మెర ఆయననే గద, భాగవతం విన్నోళ్ళకు తెలుసు. పూతన చన్నుకు విషం పూసుకోని గోకులంలకు వచ్చింది. ఎట్లొచ్చింది? చక్కదనాల బొమ్మ లెక్క తయారై, కొప్పుల పూలు పెట్టుకోని. ఎవ్వరన్న ఆపిన్రా? నువ్వెవరమ్మా, మా పిలగాన్నెందుకు ఎత్తుకుంటానవ్ అని ఒక్కలన్న అడిగిన్రా? సాక్షాత్తు లక్ష్మీదేవే వచ్చిందనుకున్నరట. అదే నా అసొంటిది పోయి ఉంటె గేటు కాడనే ఆధార్ కార్డు అడుగుదురు.

మా ఆయన ఉన్నడు. 1999ల నరసింహ వచ్చింది, నీలాంబరి అంటె ఇప్పటికి పానం. టీవీల వస్తె రిమోట్ ఇయ్యడు. రమ్యకృష్ణ పద్దెనిమిదేండ్లు గది తలుపేసుకోని పగ పెంచుకుంటది, ఈయన చెయ్యి గడ్డం కింద పెట్టుకోని "ఏం పొగరే, ఏం కళనే" అంటడు. నేను రెండ్రోజులు మాట్లాడకపోతె మటుకు "ఏందే, తాటకి లెక్క మొకం పెట్టినవ్." ఆమె పగ స్టైలు, నాది మొకం. అట్లనే నవ్వుకుంట ఉన్న ఇన్నేండ్లు.

సీరియళ్ళు ఇంకో కథ. వంటలక్క అందరికి తెలుసు. నల్లగ పుట్టిన పిల్ల పడే బాధ చెప్పే కథ అది, మా అత్తమ్మ గూడ ఏడ్చింది. ఏసిన ఆమె తెల్లటి మనిషి, రంగు పూసి నల్లగ చేసిన్రు. ఇంత పెద్ద దేశంల నల్ల పిల్లలు దొరకలేదేమో, కరువొచ్చి ఉంటది పాపం. నల్లగున్న మంచి మనిషి కావాల్నంటె తెల్లపిల్లకు మేకప్పేసి తెస్తరు, రాక్షసి కావాల్నంటె మటుకు మా అసొంటోళ్ళను మేకప్ లేకుంట పిలుస్తరు. ఇదేం లెక్క?

లెక్క అంటె యాదికొచ్చింది. మొన్న మా ఆడిబిడ్డొస్తె రామప్పకు తీస్కపోయిన. కప్పు అంచుల కింద ఆ నల్లరాతి ఆడబొమ్మలు, మదనికలున్నయి గద, నాగిని ఉన్నది గద, ఎనిమిది వందల ఏండ్ల సంది అద్దం లెక్క మెరుసుకుంట. ఈమె మెడ నొయ్యంగ సూసి సూసి "వదినే, నలుపుల ఎంత కళ ఉన్నది" అన్నది. నేను పక్కన్నే ఉన్న. ఆమె నా దిక్కు గూడ సూడలె.

ఈ ఆడిబిడ్డే, నన్ను సూడనీకె వచ్చినప్పుడు, మా అమ్మ చాయ్ తెచ్చేలోపు వాళ్ళమ్మ చెవుల అన్నది. అర్రల ఉన్న నాకే ఇనవడ్డది, ఆ చెవికి ఇనవడకుంట ఉంటదా. "పిల్ల మంచిదే గాని చాయ తక్కువ." తెల్లారి మధ్యవర్తితోని కబురొచ్చింది, ఒప్పుకున్నది కాకుంట ఇంకో రెండు తులాలు పెట్టాల్నట. మా బాపు ఏం మాట్లాడలె. పెట్టిండు. పద్నాలుగేండ్లాయె. ఆ రెండు తులాల్ల ఒక తులం గాజులు ఇయ్యాల్టికి నేను ఏసుకోను, బీర్వాల పెట్టినయి పెట్టినట్టే ఉన్నయి. అదే అర్రల పౌడర్ డబ్బా సగం మొకానికి కొట్టుకోని కూసున్న పిల్లను తలుచుకుంటె నాకు నవ్వొస్తది, కోపమొస్తది.

లగ్గం ఆల్బమ్ తీస్తె ఇంకా తమాష. ఫోటోలాయన మంచితనం కొద్ది నా మొకం తెల్లగ చేసిండు, చేతులు మర్చిపోయిండు. తలంబ్రాల ఫోటోల పాల లెక్క మొకం, దాని కింద నా నల్ల చేతులు. మా బిడ్డ మూడేండ్లప్పుడు ఆ ఫోటో మీద వేలు పెట్టి "ఈ ఆంటీ ఎవరు" అని అడిగింది. అందరు నవ్విన్రు. నేనూ నవ్విన, ఏం చేద్దు.

ఆ తెల్లగ చేస్తమనే క్రీముల కంపెనీ 2020ల డబ్బా మీది పేరుల తెలుపు మాట తీసేసి ఇంకో మాట పెట్టింది. మా అత్తమ్మ ఇప్పటికి పాత పేరుతోనే అడిగి తెస్తది, దుకాణపాయన అడగంగనే ఇస్తడు. బిడ్డ అద్దం కాడ పెడతది. నేను తీసి స్టోర్‌రూంల పడేస్త. మళ్ళ వస్తది.

ఇప్పుడు లోపల అర్రల తాటకి ప్రాక్టీసు నడుస్తాంది. పక్కింటి పసిపిల్ల లేసి ఏడ్సింది. మేకప్ మాట బిడ్డకు చెప్పలె, చెప్పను గూడ. ఫోన్ మాటలు ఇన్నదో ఏమో గాని వచ్చి "అమ్మా, సీతది కూసునుడే, నాకు యుద్ధం ఉన్నది" అని మళ్ళ ఉరికింది.

మా ఇంట్ల నల్ల చీర లేదు. లగ్గమైన కొత్తల ఒకటి తీసుకుంటె "నలుపు మీద నలుపేందే" అని అత్తమ్మ వాపసు ఇప్పిచ్చింది. మళ్ళ కొనలె. హన్మకొండ చౌరస్తా కాడ మంచి నల్ల చీర ఎక్కడ దొరుకుతదో తెలిసినోళ్ళు జర చెప్పుండ్రి. "మీ రంగుకు ఇది సెట్ కాదు మేడమ్, పీచ్ చూడండి" అనే దుకాణమైతె వద్దు.