పార్కుకు మనకో గేటా?

న్యూయార్కులో మన తెలుగు సంఘం ఉగాది సభలో పంచాంగ శ్రవణం అయిపోయి, పిల్లలు అన్నమయ్య కీర్తనకు లైన్లో నిలబడి ఉండగా స్టేజీ ఎక్కిన ఆ రియల్ ఎస్టేట్ ఆయన్ని మీరంతా చూశారు. గోల్డ్ స్పాన్సరు, పది నిమిషాలన్నారు, అరగంట తీసుకున్నాడు. అది మన సభల్లో మామూలే. తిరుపతిలో ఊరి నడుమ పాత మున్సిపల్ పార్కు పక్కనే లగ్జరీ ఫ్లాట్లట, ఒక బాల్కనీలోంచి పార్కు, ఇంకో బాల్కనీలోంచి శేషాచలం కొండలు. అంతవరకూ నేనూ నోరు తెరుచుకునే విన్నాను. ఆ తర్వాత అన్నాడు, ఫ్లాట్లవాళ్లకి పార్కులోకి వేరే గేటు పెట్టిస్తాం, సాయంత్రం చేరే జనాన్నీ, తోపుడు బండ్లనీ మెల్లగా ఖాళీ చేయిస్తాం అని. హాలంతా చప్పట్లు! వేషం కట్టి తిట్టడం ఆనవాయితీ అయిన మా తిరుపతి గంగజాతర రోజులైతే ఏదో ఒక వేషం కట్టి నాలుగు బూతులు తిట్టి ఉండేవాణ్ణి. ఉగాది కాబట్టి పచ్చడి మింగి ఊరుకున్నాను.

ఆ 'జనం' ఎవరో చెప్తాను. మా అవ్వ సాయంత్రమైతే నన్ను ఆ పార్కుకే తీసుకుపోయేది. స్టేషన్ దగ్గర సత్రాల్లో చోటు దొరకని యాత్రికులు చెట్ల కింద దుప్పట్లు పరిచి, రాత్రి రైలు కోసం కాచుకుని ఉండేవాళ్లు. కొత్త గుండ్లు, వాటి మీద చందనం, కటకటాల మీద ఆరేసిన తడి పంచెలు. అవ్వ ఆ పంచెల్ని చూసి గొణుక్కునేది, గొణుక్కుంటూనే మా బొరుగుల పొట్లం విప్పి వాళ్ల పిల్లలకు పెట్టేది. భాష తెలియని ఒకామె ఓ రోజు లడ్డు విరిచి నా చేతిలో పెట్టింది. నేను వెనక్కి జరిగితే అవ్వ అంది, "కొండ దిగినోళ్లు ఇస్తే వద్దనకూడదురా అబ్బోడా." ఇంట్లో ఎన్ని లడ్లు తిన్నానో లెక్కలేదు, ఆ ముక్క మాత్రం ఇప్పటికీ గుర్తుంది. పార్కు శుభ్రంగా ఉండేదని అబద్ధం చెప్పను. విస్తరాకులు ఎక్కడివక్కడే.

మన న్యూయార్కు సంగతే చూడండి. సెంట్రల్ పార్కు 843 ఎకరాలు, 1858లో జనానికి తెరిచారు. దాని పక్కన ఇల్లు కొనడమంటే కోట్ల మాట, అయినా కోటీశ్వరుడు కూడా అందరూ పోయే దారినే లోపలికి పోవాలి. ఆ దారులకు పెట్టిన పేర్లు రాళ్ల మీద చెక్కి ఉంటాయి: రైతుల గేటు, గని కార్మికుల గేటు, 106వ వీధి దగ్గర కొత్తగా వచ్చిన పరాయివాళ్ల గేటు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి మరీ పోయి దాని ముందు ఫోటో దిగాను, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఆ పార్కూ పుణ్యానికి పుట్టలేదు, సెనెకా విలేజ్ అనే ఊరిని, ఎక్కువగా నల్లజాతివాళ్ల ఊరిని, 1857లో ఖాళీ చేయించి కట్టారు. ఇదే న్యూయార్కులో గ్రామర్సీ పార్కు కూడా ఉంది, చుట్టూ ఇళ్లవాళ్లకే తాళంచెవులు, మిగతావాళ్లు కటకటాల్లోంచి చూడాల్సిందే. మనం చప్పట్లు కొట్టింది ఆ తాళంచెవికి.

కొనొద్దని అనడం లేదు. అమ్మానాన్నల మోకాళ్లకు లిఫ్టు కావాలి, పొద్దున్నే నడవడానికి చెట్ల నీడ కావాలి. నిజం చెప్పాలంటే నేనూ స్టాలు దగ్గర ధర అడిగాను, బ్రోషరు ఇంటికి తెచ్చుకున్నాను. రిజర్వు బ్యాంకు అనుమతి అడక్కుండా మనలాంటి ప్రవాసులు ఇండియాలో ఫ్లాటు కొనుక్కోవచ్చు, పొలమైతే కొనడానికి లేదు, ఇక పార్కు ఎవడి సొత్తు? కొనేవాళ్లు ఇళ్ల ప్రాజెక్టులు నమోదు చేసే ప్రభుత్వ సంస్థ రెరా వెబ్‌సైట్లో ఆ ప్రాజెక్టు ప్లాను తీసి చూడండి, గేటు అందులో ఉందో, ఆయన నోట్లోనే ఉందో తెలుస్తుంది. ఉంటే గనక, మాకొద్దని రాసివ్వండి. పది మంది కొనేవాళ్లు వద్దంటే ఏ బిల్డరూ పట్టుబట్టి గేటు కట్టడు. బండివాడు పోతే మీ నాన్నకి బొరుగులు ఎవరు కలిపిస్తారు సార్?

కార్యవర్గం అన్నలకి, అక్కలకి ఒక్క మాట. వచ్చే దీపావళికి ఆయన మళ్లీ వస్తాడని విన్నాను. రానివ్వండి, స్టాలు పెట్టుకోనివ్వండి, స్టేజీ మాత్రం పిల్లలకి వదిలేయండి. ఆ డబ్బు లేక భోజనాల ఖర్చుకి తక్కువైతే రెండు ఐటమ్స్ తగ్గిద్దాం, పనీర్ కూర తీసేసినా నాకు అభ్యంతరం లేదు. ఓళిగల జోలికి మాత్రం పోవద్దు.