ఆఖరి పీరియడ్ చదువు

డిగ్రీ అడ్మిషన్ల రోజుల్లో అమలాపురంలోనో తణుకులోనో ఏదో ఒక నెట్ సెంటర్లో గంటసేపు కూర్చుంటే చాలు, మన పిల్లల చదువులు ఎలా ఖాయమవుతున్నాయో తెలిసిపోతుంది. మార్కుల మెమో, ఆధార్ జిరాక్సు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని అమ్మాయి నిలబడి ఉంటుంది. పక్కన హెల్మెట్ చేత్తో పట్టుకుని తండ్రి. సెంటర్ కుర్రాడు స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే అడుగుతాడు: ‘‘మేజర్ ఏం పెట్టమంటారండీ?’’ అమ్మాయి నాన్న వైపు చూస్తుంది, నాన్న కుర్రాడి వైపు చూస్తాడు. ‘‘అందరూ ఏది పెడుతున్నారు బాబూ?’’ ‘‘కంప్యూటర్సండీ.’’ ‘‘అయితే అదే కొట్టెయ్.’’ అంతే. వెనక క్యూలో ఇంకో తండ్రి ముందుకు జరుగుతాడు.

ఆ తండ్రిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అసలు ముడి అంతకు రెండేళ్ల ముందే పడింది. పదో తరగతి అయిపోయిన వేసవిలో, పదిహేనేళ్ల వయసులో, ఎంపీసీ, బైపీసీ, సీఈసీల్లో ఒకటి ఇంటిపేరులా అతుక్కుంటుంది. ఆ తర్వాత ఆ పిల్లకు చరిత్ర నచ్చుతుందో, మొక్కలంటే ఇష్టమో అడిగిన పాపాన ఎవరూ పోరు.

ఈ ముడి విప్పడానికి కాగితం మీద దారి లేకపోలేదు. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత, 2022 డిసెంబరులో యూజీసీ డిగ్రీ చదువులకు కొత్త చట్రం ఇచ్చింది. మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మైనర్ (అనుబంధ సబ్జెక్టు) పక్కనే అందరూ చదవాల్సిన ఉమ్మడి కోర్సులు పెట్టింది. మూడేళ్ల డిగ్రీకి కావాల్సిన 120 క్రెడిట్లలో 9 క్రెడిట్లు, అంటే మూడు కోర్సులు, తన సబ్జెక్టుకు బయట చదవాలి. ఇంటర్లో చదివేసిందే మళ్లీ తీసుకోకూడదని కూడా రాసింది. మొదటి ఏడాది చివర, తాను చేరిన విభాగం పరిధిలో మేజర్ మార్చుకునే వీలూ ఇచ్చింది. మన రాష్ట్రం 2023-24లో మూడు సబ్జెక్టుల పాత కాంబినేషన్లు తీసేసి సింగిల్ మేజర్ తెచ్చింది. ప్రధానంగా చదివే సబ్జెక్టు ఒక్కటే అయినప్పుడు, మైనర్ కాక, పక్క గదిలోకి తొంగిచూడ్డానికి మిగిలేవి ఈ ఉమ్మడి కోర్సులే.

ఆ కిటికీ ఎలా తెరుస్తున్నారో చూడండి. ఏ కోర్సు చెప్పాలో చాలాచోట్ల విద్యార్థి ఇష్టాన్ని బట్టి కాదు, స్టాఫ్ రూమ్‌లో ఖాళీగా ఉన్న మాస్టారిని బట్టి తేలుతుంది. ఆ ఒక్కటే ‘ఆప్షన్’. దాన్ని తీసుకెళ్లి ఆఖరి పీరియడ్‌లో పెడతారు. సఖినేటిపల్లి వైపు నుంచి నరసాపురం వచ్చి చదివే పిల్లలకు పంటు మీద గోదావరి దాటి ఇల్లు చేరాలన్న టెన్షన్. పల్లెవెలుగు బస్సు పాసు ఉన్నవాళ్లకు ఆ బస్సు తప్పితే మళ్లీ ఎప్పుడన్న బెంగ. ఆ పీరియడ్‌లో సగం బెంచీలు ఖాళీ. పరీక్ష ముందు రోజు జిరాక్సు షాపులో దొరికే నోట్సే ఆ కోర్సు.

అందరూ తప్పక చదవాల్సిన కోర్సులు పెడితే ఇక ఇష్టానికి చోటెక్కడిదని అడిగేవాళ్లున్నారు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో, అలాంటి కోర్సే మొదలుపెట్టింది. సైన్సు పిల్లవాడైనా సాహిత్యం పిల్లవాడైనా చిన్న చిన్న బృందాల్లో కూర్చుని రాజ్యం గురించీ సమాజం గురించీ మూల గ్రంథాలు చదివి వాదించుకోవాలి. తర్వాత సాహిత్యం, చిత్రకళ, సంగీతం కూడా వచ్చి చేరాయి. అక్కడ మేజర్ ప్రకటించేది రెండో ఏడాదిలో. రుచి చూశాకే విస్తరి ముందు కూర్చోవడమన్నమాట. డబ్బున్నవాళ్ల చదువు కదా అనొచ్చు, నిజమే. కానీ ఇంట్లో పుస్తకాల బీరువా, ఊళ్లో సంగీతం మాస్టారు ఉన్న పిల్లలకు తమకేది ఇష్టమో తెలుసుకునే దారులు కాలేజీ బయట చాలా ఉంటాయి. కౌలు రైతు కూతురికి ఉన్నది కాలేజీ ఒక్కటే.

మన గోదావరి గట్టు మీదే ఓ పాత ముచ్చట ఉంది. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు అనే కుర్రాడి చేతిలో ఉన్న విద్యను గుర్తించి, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లేలా ప్రోత్సహించాడు. 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన ఆ చిత్రకారుడి బొమ్మలు ఇప్పటికీ అదే ఊళ్లో ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. అలాంటి ప్రిన్సిపాల్ అందరికీ దొరకడు. దొరకని వాళ్ల కోసమే పాఠ్యప్రణాళిక.

ఇక ఏం చెప్పాలంటారా? భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టున తెల్లవారుజామున మూడింటికి, నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు నీళ్లలో ముంచే కుర్రాణ్ణి చూడండి. రాత్రంతా నీటిలోని నాచుకు ఎండ లేదు, అది ఆక్సిజన్ వదలదు. నాచూ రొయ్యా అన్నీ పీల్చుకోవడమే. అందుకే తెల్లారేముందు అంకె పడిపోతుంది. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వెయ్యాలి, కరెంటు బిల్లు గుండెల్లో గుబులు. కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నదాన్ని బట్టి ఇచ్చే ధర) ఎక్కడో అమెరికాలో పన్ను పెరిగితే ఇక్కడ పడిపోతుంది. పక్క వరిచేనుకు ఉప్పు ఊరుతోందని ఆ రైతు గొడవ. అందులో జీవశాస్త్రం, అర్థశాస్త్రం, చట్టం, న్యాయం అన్నీ ఉన్నాయి. ఆ కుర్రాడే పొద్దున్న తొమ్మిదింటికి బీకాం క్లాసులో కూర్చుంటాడు. తనకు తెలిసిన నీటి వెనక ఇంత చదువుందని అతనికి ఎవరూ చెప్పరు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. 2011లో కోనసీమ రైతులు పంట వెయ్యబోమంటూ క్రాప్ హాలిడే ప్రకటించారు. ఈ రెంటి మధ్య కాలువ, లాకు, ఆయకట్టు, శివారు భూమి, మురుగునీరు అని ఓ సెమిస్టరుకు సరిపడా పాఠం ఉంది. చెప్పడానికి ఒక చరిత్ర మేడం, ఒక బోటనీ మాస్టారు కలిసి కూర్చుంటే చాలు. ఒక ఆదివారం కోనసీమలోని పి.గన్నవరం అక్విడక్టు దగ్గరికి తీసుకెళ్తే, నది మీదుగా కాలువ ఎలా వెళ్తుందో ఫిజిక్స్ రానివాడికీ అర్థమవుతుంది.

గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీలు అనుబంధంగా ఉన్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం మొదట చేయాల్సిన పనులు ఖరీదైనవేమీ కావు. ఒకే ఊళ్లోని రెండు కాలేజీల పిల్లలు ఒకరి ఉమ్మడి కోర్సులో ఇంకొకరు కూర్చుంటే క్రెడిట్లు ఇవ్వాలి. మొదటి ఏడాది చివర మేజర్ మార్చుకోవచ్చన్న సంగతిని నోటీసు బోర్డులో తెలుగులో అంటించాలి. గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్న ఖాళీలను భర్తీ చేసే బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే, దాన్ని విశ్వవిద్యాలయం మీదికి తోసేయడం కుదరదు. ఇక టైంటేబుల్. అందులో ఎవరి అనుమతీ అక్కర్లేదు, ప్రిన్సిపాల్ పెన్సిల్ చాలు. ఈ జూన్‌లో ఆ ఉమ్మడి కోర్సును ఆఖరి పీరియడ్ నుంచి తీసి, బస్సులన్నీ వచ్చేశాక మొదలయ్యే రెండో పీరియడ్‌లో పెట్టండి.