మినిమల్ దొరగారి సముఖానికి

శ్రీయుత ఎక్స్‌ప్రెస్ సర్వర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట అందరం క్షేమం. అంటే, ఈ ఉత్తరం రాసే సమయానికి ప్యాకేజీల్లో భద్రతా లోపాలు వెతికే ఎన్‌పీఎం ఆడిట్ ఇంకా నడపలేదు.

జావాస్క్రిప్టును సర్వర్‌లో నడిపే నోడ్ మీద నడిచే మినిమలిస్టు వెబ్ ఫ్రేమ్‌వర్కునని తమరు చెప్పుకుంటారు. కాదనను. నాలుగు లైన్లు రాస్తే చాలు, 3000 పోర్టులో 'హలో వరల్డ్' అంటారు. ఆ ముద్దుమాట విని మా మేనేజరుగారు శుక్రవారానికల్లా లాగిన్ పేజీ ఇచ్చేస్తామని క్లయింటుకు మాటిచ్చేశారు.

ఫారం నింపి పంపితే అందులో ఏముందో తమరికి కనబడదు. అన్‌డిఫైన్డ్, అంటే ఏమీ లేదంటారు. 2014లో వెర్షన్ 4 రోజున, స్టాటిక్ ఫైళ్లు వడ్డించే పని ఒక్కటి ఉంచుకుని, రిక్వెస్ట్ బాడీని (వచ్చిన సమాచారాన్ని) చదివే బాడీ పార్సరు, కుకీ పార్సరు, లాగినైనవాళ్లను గుర్తుంచుకునే సెషను, చిట్టా రాసే లాగరు అందరిచేతా విడి ప్యాకేజీలుగా వేరుకాపురం పెట్టించారు కదా మరి. వచ్చిన జేసన్ (ప్రోగ్రాములు డేటా పంపుకునే రూపం) చదవడం వెబ్ సర్వరుకు ఐచ్ఛికమట! 2017లో, 4.16 నాటికి, జేసన్ చదివే పనిని మళ్లీ ఇంట్లోకి తెచ్చుకున్నారు. సంతోషం. మా పాత ప్రాజెక్టుల్లో మాత్రం ఇప్పటికీ పాత బాడీ పార్సరూ, ఇంట్లోకి తెచ్చుకున్నదీ రెండూ ఉన్నాయి. ఏది తీస్తే ఏది కూలుతుందోనని ఎవరూ చెయ్యి పెట్టరు.

సెషన్ సంగతి మరీ విడ్డూరం. ఆ ప్యాకేజీ తెచ్చి తగిలించి ప్రొడక్షన్‌లో పెట్టగానే అదే హెచ్చరించింది: నా మెమరీ స్టోరును ఇక్కడ వాడకండి, మెమరీ లీకవుతుంది, ఒక్క ప్రాసెస్ దాటితే పనికిరాను అని. గొడుగు కొంటే దానిమీదే 'వానలో వాడరాదు' అని రాసున్నట్టు. సరే, సెషన్లు దాచడానికి రెడిస్ అనే డేటాబేసు పెట్టాం. రెడిస్‌కో క్లయింటు, సెషన్‌కూ దానికీ మధ్యన ఇంకో కనెక్టరు.

తప్పులు పట్టుకునే ఫంక్షన్ ఎర్రర్ హ్యాండ్లర్‌ను తమరు మొహం చూసి కాదు, ఆర్గ్యుమెంట్లు లెక్కపెట్టి గుర్తుపడతారు. నాలుగుండాలి. నాలుగోదైన 'నెక్స్ట్'తో పని లేకపోయినా రాయాల్సిందే. వాడనిది ఎందుకు, తీసెయ్యమంటుంది కోడ్‌లో లోపాలు వెతికే లింటర్. తీస్తే తమరు దాన్ని మామూలు మిడిల్‌వేర్ (రిక్వెస్ట్‌కూ జవాబుకూ మధ్యన పనిచేసే ఫంక్షన్) అనుకుని ఎర్రర్‌ను పక్కనుంచి పంపించేస్తారు. ఇక పని తర్వాతెప్పుడో ముగించే అసింక్ ఫంక్షన్‌లో ఎగిరిన ఎర్రర్ తమ చేతికి దొరకడానికి 2024లో వెర్షన్ 5 రావాల్సి వచ్చింది. అంతదాకా దానికీ ఓ ప్యాకేజీ.

పాత జావా ఈఈ సర్వర్ల కాలం మరిచిపోయి అంటున్న మాటలు కావివి. రిక్వెస్ట్‌కు జవాబిచ్చే ఒక్క సర్వ్‌లెట్ అడిగితే, వ్యాపార లెక్కలు చూసే ఈజేబీలూ, సందేశాలు మోసే జేఎంఎస్ క్యూలూ వెంటేసుకొచ్చేవి. స్టార్ట్ నొక్కి టీ తాగి రావచ్చు. కానీ ఆ భాగాలన్నీ ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో చూసే పూచీ సర్వర్ చేసినవాళ్లది. ఇప్పుడది మాది. తమరు సన్నబడ్డారు, ఆ కండంతా ప్యాకేజీలన్నీ దిగే మా నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరుకు పట్టింది.

అన్నట్టు, అడక్కుండానే వచ్చేది ఒకటుంది. ప్రతి జవాబు నెత్తినా 'ఎక్స్-పవర్డ్-బై: ఎక్స్‌ప్రెస్' అనే హెడర్ చీటీ. జేసన్ బరువైంది గానీ సొంత పేరు బరువు కాలేదు! భద్రత కోసం దాన్ని ఆపెయ్యమని తమ డాక్యుమెంటేషనే సలహా ఇస్తుంది. హెల్మెట్ అనే ప్యాకేజీ పెట్టుకున్నా ఆ పని చేసిపెడుతుంది.

మనవి ఒకటే. తమకు ఐచ్ఛికమూ మాకు తప్పనిసరీ అయిన సరంజామానంతా ఒకే వెర్షన్ నంబరుతో మూటగట్టి ఇప్పించండి. ఆ మూట కూడా ఐచ్ఛికమే అనండి, అభ్యంతరం లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
ప్యాకేజీ.జేసన్ (వాడే ప్యాకేజీల జాబితా) కాపలాదారు

తా.క. ఈ ఉత్తరం రిక్వెస్ట్ బాడీలో పంపుతున్నాను. చదవడానికి తగిన మిడిల్‌వేర్ పెట్టుకోగలరు.