టెరాబైట్లు చూశారు సరే, బ్లాకు పరిమాణం చూశారా?

రాయగడలోని ఒక టోకు బట్టల దుకాణంలో బిల్లులు రావడం బాగా ఆలస్యమవుతోందని కబురు పెడితే వెళ్లి చూశాను. సర్వర్ కొత్తదే, ఎస్‌ఎస్‌డీలూ మంచివే. లెక్కల డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో, ఒక వర్చువల్ మెషీన్‌లో (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో) నడుస్తోంది. ఆ మెషీన్ వాడే వర్చువల్ డిస్కును మాత్రం, డిస్కుల్లో సమాచారాన్ని సర్దిపెట్టే జెడ్‌ఎఫ్‌ఎస్ మీద 128 కిలోబైట్ల బ్లాకులతో (ఒక్కసారిగా చదివే, రాసే ముక్కలతో) సృష్టించారు. బ్లాకు పెద్దదైతే వేగం ఎక్కువని అమర్చినవారు చెప్పారట.

అది సగమే నిజం. వీడియోలు, బ్యాకప్‌ల వంటి వరుసగా చదివే పెద్ద ఫైళ్లకు పెద్ద బ్లాకే మేలు. డేటాబేస్ తీరు వేరు. మైఎస్‌క్యూఎల్‌లో సమాచారాన్ని దాచే భాగమైన ఇన్నోడీబీ మామూలుగా 16 కిలోబైట్ల పేజీలతో పనిచేస్తుంది. ఒక చీర ధర మారిస్తే ఒక పేజీ మారుతుంది. దానికోసం జెడ్‌ఎఫ్‌ఎస్ 128 కిలోబైట్ల బ్లాకును మొత్తం తెచ్చుకుని, ఆ ముక్క మార్చి, మళ్లీ మొత్తం కొత్తచోట రాయాలి. చెదురుమదురు మార్పులకు ఇది ఎనిమిది రెట్ల రాత. ఎస్‌ఎస్‌డీ ఎన్ని రాతలను తట్టుకోగలదన్న దానికి హద్దుంది. అది త్వరగా అరిగిపోతే కొత్తది విశాఖపట్నం నుంచి రావాలి. అంతవరకు దుకాణానికి చేతిరాత బిల్లులే గతి.

అలాగని మరీ చిన్న బ్లాకూ పనికిరాదు. ఏ రెండు డిస్కులు పాడైనా సమాచారం నిలిచేలా జెడ్‌ఎఫ్‌ఎస్ చేసే అమరిక రెయిడ్‌జెడ్2. 4 కిలోబైట్ల సెక్టార్లున్న (డిస్కు రాసే అతి చిన్న గడులున్న) ఆరు డిస్కుల రెయిడ్‌జెడ్2లో 8 కిలోబైట్ల బ్లాకుకు రెండు సెక్టార్లు సమాచారానికి, రెండు పారిటీకి (డిస్కు పాడైతే సమాచారాన్ని తిరిగి రాబట్టే లెక్కకు), మరో రెండు ఖాళీ పూరకానికి పోతాయి. మొత్తం 24 కిలోబైట్లు. 16 కిలోబైట్ల బ్లాకు పట్టేదీ అంతే చోటు! డిస్కు అనుకున్నదానికంటే ముందే నిండిపోయినప్పుడు గానీ ఈ నష్టం కంటపడదు. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.2లో వర్చువల్ డిస్కుల బ్లాకు పరిమాణానికి ముందస్తు విలువను 8 నుంచి 16 కిలోబైట్లకు పెంచడం నా దృష్టిలో సరైన పనే.

చిన్న కార్యాలయాలకు నేను చెప్పేది ఇదే: డేటాబేస్‌కు రెండు ఎస్‌ఎస్‌డీల మిర్రర్ (రెండింటిలోనూ ఒకే సమాచారం ఉండే అమరిక) మీద 16 కిలోబైట్ల బ్లాకులతో వర్చువల్ డిస్కు ఇవ్వండి. స్కాన్ చేసిన కాగితాలకు పెద్ద బ్లాకులతో వేరే డిస్కు పెట్టండి. ఒకసారి సృష్టించిన వర్చువల్ డిస్కుకు బ్లాకు పరిమాణం మార్చడం కుదరదు. కొత్త డిస్కు చేసి సమాచారమంతా అందులోకి నకలు చేసుకోవాల్సిందే.

ఆ దుకాణంలో ఒక ఆదివారం షట్టరు దించాక ఆ పనే చేశాం. "పదేళ్ల లెక్కలు సార్, ఒక్కటీ పోకూడదు" అంటూ యజమాని రాత్రంతా పక్కనే కూర్చున్నారు. ఆ జాగారం ఆయనకు రావలసింది కాదు. గుణుపురంలోనైనా పర్లాకిమిడిలోనైనా నేను చూసిన కొటేషన్లలో టెరాబైట్లు ఉంటాయి, బ్లాకు పరిమాణం ఉండదు. ఆ ఒక్క వరుస రాసి ఇచ్చేదాకా అడ్వాన్సు చెల్లించకండి.